మార్పుల మాస్టారు

వీధికొకరు ఉంటారీయన. బళ్ళోంచి రిటైరయ్యారు, పాఠంలోంచి ఇంకా కాలేదు. కంటబడ్డ ప్రతిదాన్నీ భౌతిక మార్పా, రసాయన మార్పా అని తేల్చి, ఆ తీర్పు పక్కవాడికి వినిపిస్తే గానీ ఆయనకి అన్నం సయించదు.

గుళ్ళో హారతి వేళ చూడాలి. అందరూ కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకుంటుంటే ఆయన పక్క కుర్రాణ్ణి మోచేత్తో పొడుస్తారు.

"ఒరే అబ్బాయ్, బీరువాలో పెట్టిన కర్పూరం నీరు కాకుండానే హరించుకుపోతుందే, అదేం మార్పు?"

"భౌతికం మాస్టారూ."

"మరి ఇది?"

కుర్రాడు నోరు తెరిచేలోగా ఆయనే అందుకుంటారు. "రసాయనం! అక్కడ ఆవిరైనా అది కర్పూరమే. ఇక్కడ మండి బొగ్గుపులుసు వాయువూ, నీటి ఆవిరీ, కాస్త మసీ అయింది. ఇక అది తిరిగి కర్పూరం కాదు." పూజారిగారు గంట ఇంకాస్త గట్టిగా వాయిస్తారు.

ఇంట్లో మాస్టారి ఏలుబడి వంటింటి గడప దాకానే. "నెయ్యి పేరుకుంటే భౌతికం, పెరుగు పేరుకుంటే రసాయనం" అని గడపలో నిలబడి మొదలుపెడతారు. వేడి తగలగానే నెయ్యి కరుగుతుంది. తోడులోని బాక్టీరియా పాలలోని లాక్టోజును లాక్టిక్ ఆమ్లంగా మార్చేస్తే, ఆ పులుపుకి పాలలోని ప్రోటీను గడ్డకడుతుంది. ఆ పెరుగుని ఎవరూ మళ్ళీ పాలు చెయ్యలేరు. అంతా విని వాళ్ళావిడ, "పప్పు మాడింది. అదేం మార్పో తింటూ ఆలోచించుకోండి" అంటుంది.

ఆయన శాస్త్రమంతా ఒక్క సూత్రం మీద నడుస్తుంది: వెనక్కి వస్తే భౌతికం, రాకపోతే రసాయనం. పరీక్షలో మార్కులు రాల్చే సూత్రమే, కాదనను. కానీ దానికి రెండువైపులా చిల్లులున్నాయి. చిరిగిన కాగితం మునుపటిలా అతుక్కోదు, అయినా అది భౌతిక మార్పే. ఇన్వర్టర్ బ్యాటరీ కరెంటు పోతే ఖాళీ అవుతుంది, వస్తే మళ్ళీ నిండుతుంది. లోపల సీసం, ఆమ్లం పోనూ రానూ చేసేదంతా రసాయన మార్పే. అడగాల్సింది వెనక్కి వచ్చిందా అని కాదు, కొత్త పదార్థం పుట్టిందా అని. ఈ మాట మాస్టారికి చెప్పే ధైర్యం వీధిలో ఎవరికీ లేదు.

చివరికి ఆయన సూత్రానికి ఆయనే ఎసరు పెట్టుకున్నారు, అదీ పెళ్ళివారింట. పెళ్ళికూతురి పాదాలకి పారాణి పెడుతున్నారు. "పసుపులో కుర్కుమిన్ ఉంటుంది, సున్నం క్షారం. రెండూ కలిస్తే ఎరుపు. రసాయన మార్పు!" అన్నారు. అంతటితో ఆగితే ఆయన మాస్టారెందుకవుతారు? "కాస్త నిమ్మరసం పిండితే మళ్ళీ పచ్చబడుతుంది, చూడండి" అంటూ పళ్ళెంలో నిమ్మకాయ అందుకున్నారు. పెళ్ళికూతురు చటుక్కున కాళ్ళు వెనక్కి లాక్కుంది. మూలనున్న ఏడో తరగతి పిల్ల మాత్రం తీరిగ్గా అడిగింది: "వెనక్కి వస్తే భౌతికం అన్నారు కదా మాస్టారూ?"

ఆయన నిమ్మకాయ కింద పెట్టి, భోజనాలు ఎక్కడని అడిగారు.

మీ ఇంట పెళ్ళైతే ఆయన్ని తప్పక పిలవండి. పరీక్షలు రాసే పిల్లలుంటే నాలుగు రోజులు ముందే పిలవండి. పారాణి పళ్ళెం దరిదాపులకి మాత్రం నిమ్మకాయలు చేరనివ్వకండి.