కమీషన్ సున్నా!

కూతురింటికి ప్రయాణమంటే డాలర్లు నెల ముందే కొనాలని అందరికీ తెలుసు. ఆ నెలంతా ఆవకాయ కారకుండా కవర్లలో చుట్టడానికే సరిపోతుంది. అందుకే విమానాశ్రయంలో సామాను తూకం గండం గట్టెక్కగానే కాళ్ళు వాటంతటవే డాలర్ల కౌంటర్ వైపు నడుస్తాయి.

కౌంటర్ నెత్తిన ఎర్రక్షరాలు: 'కమీషన్ సున్నా'. అద్దాల గది, ఏసీ, టై కట్టుకున్న కుర్రాడు... ఇన్ని ఖర్చులు పెట్టుకుని మనకి ఉచిత సేవ చేస్తున్న ఆ ధర్మప్రభువులు ఎవరో అని కళ్ళు చెమర్చాయి. పొద్దున టీవీలో డాలరు 86 రూపాయలన్నారు. ఇక్కడ 92. టీవీ వాళ్ళకి లెక్కలు రావని సరిపెట్టుకుని, 300 డాలర్లకి 27,600 కట్టడానికి కార్డు తీశాను.

మా ఆవిడ చెయ్యి పట్టుకుంది. రైతుబజారులో కొత్తిమీర కట్ట కోసం పావుగంట నిలబడే మనిషి.

"బాబూ, ఇవే నోట్లు ఇప్పుడే వెనక్కిస్తే ఎంతిస్తావు?"

"డెబ్భై తొమ్మిది లెక్కనమ్మా."

"అంటే నోటు మడత పడకుండానే మూడువేల తొమ్మిదొందలు గోవిందా?"

"కమీషన్ లేదమ్మా" అన్నాడు, తీర్థం ఇస్తున్నంత భక్తిగా.

విమానం పిలుపొచ్చేసింది. పుచ్చుకున్నాం. రసీదు అడుగున ఇంకో వింత: జీఎస్టీ 49 రూపాయల 68 పైసలు. కమీషనే లేనప్పుడు పన్ను దేనిమీద? లక్ష లోపు మార్పిడికి నూటికి రూపాయి చొప్పున, కనీసం 250 రూపాయలు, సేవ విలువగా లెక్కగట్టి దానిమీద 18 శాతం వేసే పద్ధతి ఒకటుంది లెండి. అంటే ఆ బోర్డుని నమ్మనివాళ్ళు దేశంలో ఇద్దరే: ప్రభుత్వం, మా ఆవిడ.

1960ల చివర అమెరికా వెళ్ళిన మా మేనమామకి సర్కారువారు దయతలచి ఇచ్చింది ఎనిమిది డాలర్లు. ఇప్పుడు ఏడాదికి రెండున్నర లక్షల డాలర్లదాకా పట్టుకెళ్ళమంటున్నారు. అందులో నోట్లు మాత్రం ప్రయాణానికి 3,000 మించకూడదు, మిగతాది కార్డులో వేయించుకోవాలి. కొనేటప్పుడు 50,000 రూపాయలు దాటితే నగదు పుచ్చుకోరు. తిరిగొచ్చాక 2,000 డాలర్లకి మించి మిగిలితే 180 రోజుల్లో అప్పజెప్పాలి. ఈ చివరి నిబంధన ఎవరికోసం పెట్టారో గానీ, కూతురింటి నుంచి వచ్చేవాళ్ళకోసం మాత్రం కాదు.

మాకు మిగిలింది 40 డాలర్లు, గుప్పెడు సెంట్లు. నోట్లు 79 లెక్కన పుచ్చుకున్నారు. నాణేల్ని ముట్టుకోలేదు.

ప్రయాణం పెట్టుకుంటే వారం ముందే ఊళ్ళో రెండు మూడు చోట్ల కనుక్కోండి. వాళ్ళు అమ్మే రేటుతోపాటు కొనే రేటూ అడగండి. చిల్లర కావాలంటే మా ఇంటికి రండి, ఖాళీ పచ్చడి సీసాలో ఉంది. కమీషన్ లేదు. రేటు మాత్రం మా ఆవిడ చెబుతుంది.