ఊదమంటే ఊదుతాం, ముందు లైసెన్సు ఇప్పించండి

బోట్లకి లైసెన్సులిచ్చే, ఇచ్చినవి ఆపే గౌరవనీయ అధికారి గారికి, నెల్లూరు జిల్లా మైపాడు సముద్రపు ఒడ్డు నుంచి ఒక ప్రయాణికుడు నమస్కరించి రాసుకునే మనవి.

అయ్యా,

మీ హోదా రాయకుండానే ఉత్తరం మొదలుపెట్టానని నొచ్చుకోకండి. ఏ శాఖ పేరు రాయాలో ఎంతకీ తేలలేదు. బోటు రిజిస్ట్రేషను రేవుల వాళ్లదంటారు. నీళ్లు ఇరిగేషన్ వాళ్లవి. షికారు టూరిజం వాళ్లది, చేపలు మత్స్యశాఖవి, పులికాట్ సరస్సు మీద వాలే పక్షులు అటవీశాఖవి. బోటు మునిగితే పంచనామా పోలీసులది, ఎక్స్‌గ్రేషియా రెవెన్యూ వాళ్లది. ఇందులో మీరెవరో మీకన్నా తెలిసే ఉంటుంది కాబట్టి ఉత్తరం చేరాల్సిన చోటికే చేరుతుందని నా ఆశ.

సంగతి ఏందంటే, బోటు నడిపే సరంగు తాగున్నాడో లేదో ఊదించి చూడాలని, తాగుంటే లైసెన్సు సస్పెండ్ చేయాలని ఏలినవారు అంటూ ఉంటారు. చాలా సంతోషం. పెళ్లాం పిల్లల్ని ఎక్కించుకుని బోటెక్కేవాడిగా మొదటి చప్పట్లు నావే. కాకపోతే ఈ మాట వినడం మాకు కొత్త కాదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర వరద గోదావరిలో రాయల్ వశిష్ట బోటు మునిగి 50 మంది దాకా పోయారు. ఆ నవంబరులోనే రాష్ట్రంలో తొమ్మిది చోట్ల బోట్ల కంట్రోల్ రూములకి శంకుస్థాపన చేశారు. బోటు కదలకముందే సిబ్బందికి శ్వాస పరీక్ష చేయాలని అప్పుడే చెప్పారు. ఆ తొమ్మిదిలో ఎక్కువ గోదావరికి, కృష్ణకి పోయాయి. నదికున్న పలుకుబడి సముద్రానికి లేదు కదా, మేమేం అనుకోలేదు.

ఇంకా వెనక్కి పోతే, 1917 నాటి దేశీయ నౌకల చట్టంలోనే సరంగు సర్టిఫికెట్టు ఆపడానికి తాగుడు ఒక కారణంగా ఉంది. దాని పక్కనే, అదే వాక్యంలో, దౌర్జన్యం కూడా ఉంది. నూరేళ్లలో మొదటిదాన్ని కొలిచే యంత్రం వచ్చింది. రెండోదాన్ని కొలిచే యంత్రం ఇంకా రాలేదు. వస్తే దాన్ని మొదట రేవులో పెట్టాలో, ఆఫీసు గుమ్మంలో పెట్టాలో అప్పుడు మాట్లాడుకుందాం. ఆ చట్టం పోయి 2021లో కొత్త చట్టం వచ్చింది. రిజిస్ట్రేషను, సర్వే, ఇన్సూరెన్సు, సిబ్బంది అర్హత అన్నీ అందులో చక్కగానే రాసుకున్నారు.

ఇప్పుడు నా మొదటి సందేహం. ఎంత తాగితే తాగినట్టు?

ముత్తుకూరు రోడ్డు మీద ఆటో తోలే అబ్బాయికి లెక్క తెలుసు. 1988 మోటారు వాహనాల చట్టం, సెక్షన్ 185. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే పట్టుకుంటారు, మొదటిసారి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. అదే రోడ్డు చివర కృష్ణపట్నం రేవులో బొగ్గు దించే విదేశీ ఓడ కెప్టెనుకి ఇంకో లెక్క. 2012 నుంచి అమల్లో ఉన్న అంతర్జాతీయ నిబంధన ప్రకారం ఆయన హద్దు 50. విమానం నడిపే పైలట్‌కి సున్నా. అంటే లక్ష టన్నుల ఓడని రేవులోకి తెచ్చే పెద్దమనిషి 40 మిల్లీగ్రాములతో నిక్షేపంగా ఉంటాడు. ఆయన్ని గేటు దగ్గర నుంచి హోటలుకి తీసుకుపోయే ఆటో అబ్బాయి అదే 40తో కోర్టు మెట్లెక్కుతాడు. వీళ్లిద్దరి నడుమ, ఉప్పుటేట్లో తిరిగే సరంగు ఎక్కడ నిలబడాలి? నన్నడిగితే పైలట్ పక్కన నిలబెట్టండి, సున్నా చేయండి. ఏదైనా ఒక అంకె వేసి రేవు గోడ మీద తెలుగులో రాయించండి. అంకె లేకుండా చేసే పరీక్షలో సరంగు తాగిందాన్ని కొలవరు, పరీక్ష చేసే ఆయన ఆ పూట మూడ్ ఎట్లా ఉందో కొలుస్తారు.

అంకె వేసేటప్పుడు తెల్లవారుజాము సంగతి కూడా చూడండి. రాత్రి తాగాడు, పొద్దున్నే వచ్చాడు, మనిషి స్పష్టంగా మాట్లాడుతున్నాడు, ఇంకేం పర్లేదనుకుంటాం. లెక్క కడితే వేరేగా వస్తుంది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త పాలసీలో 99 రూపాయల క్వార్టరు ఉంది కదా, 180 మిల్లీ. అందులో 42.8 శాతం ఆల్కహాలు. దగ్గర దగ్గర 60 గ్రాములు. అరవై కిలోల మనిషి అది ఒక్కడే ఖాళీ చేస్తే రక్తంలో 150 దాకా ఎక్కుతుంది. దిగేటప్పుడు మాత్రం గంటకి 15 చొప్పున, రేషన్ కార్డు ఫైలు కదిలినట్టే కదులుతుంది. నిమ్మకాయ పిండినా, చల్లటి నీళ్లు పోసుకున్నా, ఉల్లిపాయ నమిలినా దాని వేగం మారదు. రాత్రి తొమ్మిదికి తాగినవాడు మూడు గంటలకి బోటు మీద చెయ్యేస్తే ఇంకా 60 ఉంటుంది, రోడ్డు హద్దుకి రెండింతలు. కాబట్టి పగలు పదకొండింటికి ఫోటోగ్రాఫరుతో వచ్చి ఊదిస్తే అందరూ పుణ్యాత్ములే దొరుకుతారు.

క్వార్టరు ధర నిర్ణయించిన ప్రభుత్వమూ, ఊదే గొట్టం కొన్న ప్రభుత్వమూ ఒకటే కావడం మీద నేనేమీ అనను. అనాల్సింది ఈ జిల్లా ఆడవాళ్లు ఎప్పుడో అనేశారు.

మీరు కొత్తగా వచ్చుంటే చెబుతాను. ఇది సారా ఉద్యమం పుట్టిన జిల్లా. 1990ల మొదట్లో ఇక్కడ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఆడవాళ్లు రాత్రి బడిలో పలకా బలపం పడితే, చదువుకుంటే చదువుకున్నారులే అని ఊరుకున్నారు మగవాళ్లు. ఆ పాఠాల్లో సారా సంగతి చదివినవాళ్లు మర్నాడు దుకాణం ముందు కూర్చుంటారని ఎవరికి తెలుసు? కలిగిరి మండలం దూబగుంటలో మొదలైంది, రోశమ్మ పేరు రాష్ట్రమంతా మోగింది. సారా వేలంపాటలు ఆగిపోయాయి. 1993 ఏప్రిల్ 15న ముందు నెల్లూరు జిల్లాలో సారా నిషేధం వచ్చింది, అక్టోబరు 1న రాష్ట్రమంతా. 1995లో ఎన్టీ రామారావు సంపూర్ణ నిషేధం పెట్టారు, 1997లో అది ఎత్తేశారు. (మా ఒడ్డున ఏప్రిల్ 15కి ఇంకో లెక్క కూడా ఉంది. ఏటా ఆ రోజునే వేట నిషేధం మొదలై జూన్ 14 దాకా నడుస్తుంది. సంపూర్ణ మద్య నిషేధం ఎప్పుడో ఆవిరైంది, వేట నిషేధం పట్టుగా నిలబడింది. చేపలకున్న రక్షణ మనిషి కాలేయానికి లేకపోయింది.)

రోశమ్మ ఊరికి సముద్రం లేదు, దూరం. కానీ ఆమె నేర్పిన విద్య ఒడ్డున ఇప్పటికీ ఉంది. పొద్దున్నే బోట్లు ఒడ్డెక్కే వేళకి ఒక పట్టపుపాళెం రండి. బుట్టలు చంకన పెట్టుకుని ఆడవాళ్లు ముందే వచ్చి నిలబడి ఉంటారు. మగవాళ్లు వల దులుపుతుంటారు, కానాగంతలు ఒక పక్కకి, రొయ్యలు ఒక పక్కకి పడుతుంటాయి. ఆమె చూపు చేపల మీదే ఉంటుంది, బేరం నోటితో నడుస్తుంటుంది, అయినా ఎవడు ఎంత తాగొచ్చాడో పది బారల దూరం నుంచే చెప్పేస్తుంది. ఒకామెని ఎట్లా తెలుస్తుందమ్మా అని అడిగాను. "వాడు తాగుంటే నన్ను 'ఏమే' అనడయ్యా, 'అమ్మా' అంటాడు" అంది. మీ యంత్రానికి ఇంత సూక్ష్మం తెలుస్తుందా? దానికి బ్యాటరీ కావాలి, ఎప్పటికప్పుడు సరిచూపించాలి, ఉప్పుగాలికి పాడవుతుంది, పాడైతే టెండరు పిలవాలి. అందుకే రేవు తనిఖీ కమిటీలో సొసైటీ ప్రెసిడెంటుతో పాటు ఇద్దరు ఆడవాళ్లని కూర్చోబెట్టండి. యంత్రం అంకె చెబుతుంది, వాళ్లు నిజం చెబుతారు. రెండూ ఒకటయ్యాక సంతకం పెట్టండి.

ఊరికే వాసన వచ్చిందని కాగితం రాసేస్తే నిలవదని కూడా మనవి. 1971లోనే బచ్చూభాయ్ హసనల్లీ కర్యానీ కేసులో, నోటి వాసన, తూలుడు చూసి తాగాడని తేల్చడం చాలదు, రక్త పరీక్ష కావాలి అన్న అర్థంలో సుప్రీంకోర్టు చెప్పింది. రక్తం తీయడానికైనా ఆలస్యం పనికిరాదు. 1989 మార్చిలో అలాస్కా దగ్గర ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాయికి కొట్టుకుని నూనె సముద్రమంతా పరిచినప్పుడు, కెప్టెన్ తాగాడని ప్రపంచమంతా అంది. ఆయన రక్తం తీసేసరికి పది గంటలు దాటింది. జ్యూరీ తాగుడు నేరం రుజువు కాలేదంది, లైసెన్సు మాత్రం తొమ్మిది నెలలు ఆపారు. ఆ తర్వాతెప్పటికో అక్కడి కోస్ట్‌గార్డు పెద్ద ప్రమాదం జరిగితే రెండు గంటల్లోగా పరీక్ష కావాలని రూలు పెట్టుకుంది. పులికాట్ ఒడ్డునున్న బీవీపాళెం రేవు నుంచి సూళ్లూరుపేట ఆసుపత్రికి సరంగుని రెండు గంటల్లో చేర్చే ఏర్పాటు ముందు చూడండి, ఊదించడం తర్వాత.

సస్పెన్షను ఎన్నాళ్లు అన్నదీ రాయండి. పైలట్‌కి మెట్లున్నాయి: మొదటిసారి దొరికితే మూడు నెలలు, రెండోసారి మూడేళ్లు, మూడోసారి రద్దు. వాడికి తెలుసు, వాడి భార్యకీ తెలుసు. సరంగుకి మాత్రం "తదుపరి ఉత్తర్వుల వరకు" అని రాస్తారు. ఆ తదుపరి ఉత్తర్వుల కోసం కాళ్లరిగేలా తిరిగినవాడు చివరికి లైసెన్సు లేకుండానే బోటు తీస్తాడు.

అసలు మాటకి ఇప్పుడొచ్చాను. సస్పెండ్ చేయాలంటే సస్పెండ్ చేయడానికి ఒకటి ఉండాలి కదా. 2017 నవంబరు 12న కృష్ణ పవిత్ర సంగమం దగ్గర మునిగిన బోటులో పోయినవాళ్లలో ఎక్కువమంది మన పక్కనున్న ఒంగోలు వాళ్లు. ఆ బోటుకి జనాన్ని ఎక్కించే అనుమతే లేదు. 2023 మేలో కేరళలోని తానూరులో 22 మందిని ముంచింది చేపల బోటుని మార్చి చేసిన షికారు బోటు. అదే ఏడాది ఫిబ్రవరిలో మన జిల్లాలోనే పొదలకూరు మండలం తోడేరు చెరువులో చిన్న పడవ తిరగబడి ఆరుగురు కుర్రాళ్లు పోయారు. 2011 క్రిస్మస్ నాడు పులికాట్‌లో తమిళనాడు వైపు 22 మంది పోయిందీ చేపల పడవలోనే. ఈ పడవల దగ్గరికి మీరు గొట్టం పట్టుకుని వెళితే మీ యంత్రం "సున్నా" అని చూపించి ఉండేదేమో, మీరూ జెండా ఊపి పంపి ఉండేవారేమో. ఎక్కిన తలలెన్ని, జాకెట్లెన్ని, గాలి ఎటు అన్నది ఏ గొట్టంలో ఊదితే తెలుస్తుంది?

మా ఒడ్డున చిక్కంతా ఇక్కడే. వేట బోటుకి 1994 నాటి రాష్ట్ర సముద్ర చేపల వేట చట్టం, షికారు బోటుకి వేరే చట్టం. మామూలు రోజుల్లో వేటకి పోయే ఫైబర్ బోటే సంక్రాంతి ఆదివారం మనిషికి ఇంత అని తీసుకుని జనాన్ని తిప్పుతుంది. అప్పుడది వేట బోటా, షికారు బోటా? పులికాట్‌లోని ఇరకం దీవి వాళ్లకి బోటు షికారు కూడా కాదు, బస్సు. బియ్యం బస్తా, గ్యాసు బండ, బడికి పోయే పిల్ల, పురిటికి పోయే తల్లి అందులోనే దాటాలి. వాళ్ల సరంగుని మూడు నెలలు ఆపితే ఆ మూడు నెలలు రెండో సరంగు ఎవరో కూడా మీ ఉత్తర్వులోనే రాయాలి. పాళేల్లో ఊరి పెద్దలైన కాపులు దురాయి, అంటే ఊరి కట్టుబాటు, వేసేటప్పుడు ఇవన్నీ చూసే వేస్తారు. ఫలానావాడిని ఆపితే వాడి ఇల్లు ఎట్లా గడవాలి, వాడి చోట ఎవడు ఎక్కాలి అన్నది తేలాకే మాట బయటికొస్తుంది. దురాయిలో అన్యాయాలు లేవని కాదు, చాలా ఉన్నాయి. కానీ అది రాత్రికి రాత్రి ఊళ్లో ప్రతి ఇంటికీ తెలుస్తుంది. శ్రీహరికోట వాళ్లు కూడా రాకెట్ వదిలేటప్పుడు ఫలానా గంట నుంచి ఫలానా గంట దాకా ఫలానా హద్దులో బోట్లు ఉండకూడదని ముందే చెబుతారు, మేము ఉండం. మీ రూలు కూడా అంత సూటిగా ఉంటే మాకు చాలు.

ఒక్క విన్నపంతో ముగిస్తాను. మీరు తనిఖీకి రాదలిస్తే జీపులో, ముందు ఫోన్ చేయించి, మంగళవారం రావద్దు. ఆ రోజు బోట్లన్నీ ఒడ్డున బుద్ధిగా ఉంటాయి, జాకెట్లు దులిపి వరసగా పెట్టి ఉంటాయి. జనవరిలో, ఫ్లెమింగో పక్షుల కోసం జనం విరగబడే ఆదివారం, సాయంత్రం నాలుగింటికి, లుంగీ కట్టుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని, టికెట్ కొనుక్కుని ఎక్కండి. ఎక్కాక జాకెట్ అడగండి. "పర్లేదు సార్, ఐదు నిమిషాలే కదా" అంటాడు చూడండి, అప్పుడు మీ గొట్టం బయటికి తీయండి. ముందు టికెట్టు అమ్మినవాడితో ఊదించండి, తర్వాత సరంగుతో.

ఇట్లు,
మీ పరీక్షకు సిద్ధంగా ఉన్న,
ఒక ప్రయాణికుడు,
మైపాడు.

జత: ఏమీ లేదు. లైసెన్సు నకలు జతపరుద్దామని మా సరంగుని అడిగితే, దరఖాస్తు పెట్టిన రసీదు చూపించాడు.