సెల్లుఫోను వ్యసన నిర్మూలన మహాసభ

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి జిల్లాలలో నేడు జరుగుచున్న సత్కార్యములన్నింటిలోను మిక్కిలి సులభమైనదియు, పుణ్యముకంటె ముందుగా ఫొటో లభించునదియు ఏదియనగా, విద్యార్థులకు సెల్లుఫోను వలని అనర్థములను బోధించుటయే. వరకట్నముపై మాటలాడినచో వేదికమీదనే ఒకరిద్దరు నొచ్చుకొందురు. మద్యముపై మాటలాడినచో సభానంతర కార్యక్రమమునకు భంగము కలుగును. ఫోనును ఎంత తిట్టినను అది కిక్కురుమనదు.

మొన్న మానుకోటలో, అనగా మహబూబాబాద్ పట్టణమున, ఇట్టి సభకు, వాట్సాపులో వచ్చిన ఆహ్వానమును పురస్కరించుకొని, నేనును పోయితిని. ముందుగా వాల్ పోస్టరు ఆవిష్కరణ. ఒక్క పోస్టరును పదకొండుమంది పెద్దలు పట్టుకొనగా, అంచు దొరకనివారు పట్టుకొన్నవారి మోచేతులను పట్టుకొనిరి. దాతల పేర్లు అరచేయంత అక్షరములలోను, నిజముగా మనసు చెదిరినవారికి ఆసరాయగు టెలీమానస్ సహాయవాణి 14416 నంబరు వానిక్రింద చీమతలంతగాను అచ్చుపడినవి. ముఖ్యవక్త ఏకాగ్రతనుగూర్చి ముప్పావుగంట ఉపన్యసించుచు, నడుమ జేబు మ్రోగిన నాలుగుమార్లును "మీటింగుల ఉన్న" అని సెలవిచ్చిరి. వేదికపై తక్కినవారందరు తలలు వంచుకొనియుండుట వినయమని భ్రమపడితిని. ఫొటోలు అప్పుడే గ్రూపులో పడినవట. ప్రతిజ్ఞ వ్రాసిన కాగితము కనబడక, దానిని గూడ ఫోనులో చూచియే చదివించిరి.

"ఏం సమజైందిరా?" అని వెనుక వరుసలోని బాలునడిగితిని.

"ఫోన్ పట్టొద్దట సార్. హోంవర్క్ గ్రూపుల పెడ్తరట, సూస్కోవాల్నట."

2020లో బడులు మూతపడి పాఠములు తెరమీదికి పోయినప్పుడు అప్పుచేసి ఫోను కొన్న తండ్రులెందరో కలరు. నాడది జ్ఞానసాధనము, నేడు వ్యసనము, నేరము మాత్రము బాలునిది! ఎంత జరిపినను పేజీకి అంతము రాని ఏర్పాటును 2006లో కల్పించిన ఏజా రాస్కిన్ అను అమెరికా దేశీయుడు తరువాత దానికై తానే పశ్చాత్తాపపడెను. ఆ యంత్రమును ఏడవ తరగతి పిల్లవాడు నిగ్రహముతో జయింపవలెనట. భాగవతమును రాజులకంకితమియ్యని పోతన పుట్టిన బమ్మెర ఈ జనగామ జిల్లాలోనిదే. ఇచటనే నేడు పిల్లల సాయంకాలములు ఎన్నడును కంటబడని కంపెనీలకు అంకితమగుచున్నవి.

భూపాలపల్లిలో బొగ్గుబావి దిగు కార్మికుని చూడుడు. బీడీ, అగ్గిపెట్టెలతోపాటు ఫోనును గూడ పైననే విడిచి దిగును. మీథేనునకు నిప్పురవ్వ తగులునేమోనను భయమే యచటి ఉపన్యాసము. షిఫ్టు ముగియువరకు ఆతనికి రీలు లేదు, గ్రూపు లేదు. ఆతనిచేత ప్రతిజ్ఞ చేయించినవారు లేరు. నియమమొకటి కలదు, అది దిగు అధికారికిని కార్మికునికిని ఒక్కటే.

కావున సభానిర్వాహకులకు మనవి. రాబోవు సభకు గుమ్మమున ఒక మిర్చి బస్తా తగిలింపుడు; మానుకోట మార్కెట్టులో ఖాళీ గోనెలకు కొదువ లేదు, కొంత ఘాటంటినను మేలే. అందు మొదట పడవలసినది అధ్యక్షులవారి ఫోను. ఫొటోలు రావను కారణమున పెద్దలెవ్వరును రానిచో, పిల్లలను ఆటకు విడిచిపెట్టుడు.