గెడ్డను కాపాడే సంఘం నడపడానికి చిట్కాలు

కంబాలకొండ 2002లో అభయారణ్యమైంది. సుమారు 71 చదరపు కిలోమీటర్ల అడవి, చిరుతపులి తిరిగే అడవి, విశాఖపట్నాన్ని ఆనుకునే ఉంది. అక్కడి నుంచీ, సింహాచలం కొండ నుంచీ దిగే వాన నీళ్లు ముడసర్లోవ లాంటి పల్లాల్లోకి చేరతాయి. లోవ అంటేనే లోయ. అలాంటి ఒక పల్లంలో, మా కాలనీ వెనక, గెడ్డ పారుతుంది. ఒడ్డున ఏరుమద్ది, నేరేడు, కానుగ. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి ఆ చెట్లలో చాలావాటిని పడగొట్టింది. ఆ బాధలోనే సంఘం పెట్టాం. నాకు ఆ గెడ్డంటే ప్రాణం. దాని పేరుతో సంఘాన్ని ఇన్నేళ్లు ఎలా నిలబెట్టానో దాచుకోకుండా చెబుతాను. మీ ఇంటి వెనకా గెడ్డో వాగో ఉండి, చుట్టూ కాస్త చెట్టూచేమా ఉంటే, ఇలాగే చేయండి.

మొదట ఒక్క సంగతి మనసులో పెట్టుకోండి. ఈ ఏడాది చేసిన కార్యక్రమం వచ్చే ఏడాది కార్యక్రమానికి పని పుట్టించాలి. గెడ్డ నిజంగా బాగుపడిపోతే సంఘానికి పనుండదు.

1. పని కంటే ముందు బోర్డు పెట్టండి. పేరులో ‘పరిరక్షణ’ ఉండాలి. స్తంభం కొనకండి, డబ్బు దండగ. ఏరుమద్ది మాను లావుగా ఉంటుంది, నాలుగంగుళాల మేకులు నాలుగు చక్కగా దిగుతాయి. బోర్డు మీద అధ్యక్షుడు, కార్యదర్శి, కోశాధికారి పేర్లు రాయించాక కింద జాగా మిగిలితే ఒక పిట్ట బొమ్మ వేయించండి.

2. ఏడాదికి నాలుగు ఆదివారాలు చాలు. ఫిబ్రవరిలో పక్షుల లెక్కింపు వస్తుంది. జూన్ 5 పర్యావరణ దినం. జులైలో వనమహోత్సవం. అక్టోబరు 2 నుంచి 8 దాకా వన్యప్రాణి వారోత్సవాలు. ఆ రోజుల్లో పేపరువాళ్లే వార్త కోసం వెతుక్కుంటూ వస్తారు. మిగతా రోజుల్లో గెడ్డ వైపు వెళ్లకండి. వెళితే ఎవరో ఒకరు పట్టుకుని, “అదేంటి మాస్టారూ, పై నుంచి మురుగు వదిలేస్తన్నారు, చూడరా?” అని అడుగుతారు.

3. వనమహోత్సవాన్ని 1950లో కె.ఎం. మున్షీ మొదలుపెట్టారు. అప్పటి నుంచీ దేశమంతా గోతులు తవ్వుతోంది. మీరు ఒక్కసారి తవ్వండి, అది చాలు. కుర్చీలు పట్టేంత నీడ, కారు ఆగేంత దారి ఉన్నచోట మంచి గొయ్యి తవ్వించి, ఏటా అందులోనే నాటించండి. మొక్కను నల్ల కవరుతో సహా దించండి. అతిథిగారి చేతికి మట్టి అంటదు, వేరు కవరు దాటి పోదు, సంక్రాంతికల్లా మొక్క ఎండి గొయ్యి మళ్లీ మీకు ఖాళీగా దొరుకుతుంది. మా గోతిలో ఒకే చోట ముగ్గురు పెద్దమనుషులు నాటారు. ఎవరి ఫొటో వాళ్ల దగ్గర భద్రంగా ఉంది.

ఒడ్డు పొడవునా మాత్రం కోనోకార్పస్ పెట్టండి. నేరేడు పెడితే పళ్లు రాలతాయి, గబ్బిలాలు వస్తాయి, పిల్లలు చొక్కాలు పాడుచేసుకుంటారు. కోనోకార్పస్‌తో ఆ గొడవ లేదు. చూస్తుండగానే పచ్చగోడలా లేచి వెనకనున్నదంతా కప్పేస్తుంది.

4. లాంటానాను మోకాలి ఎత్తున కోయండి. పందొమ్మిదో శతాబ్దం మొదట్లో పూలకోసమని కలకత్తా తోటకు తెచ్చిన మొక్క అది, ఇవాళ దేశంలో అది లేని అడవి తక్కువ. తెలిసినవాళ్లు నేలలోకి దిగి వేరు మొదలు నరికి, పెకలించి, తలకిందులుగా పడేయమంటారు. అలా చేస్తే అది మళ్లీ రాదు. రాకపోతే వచ్చే ఏడాది కాలేజీ పిల్లలు యాభైమంది కత్తులు పట్టుకుని ఏం కోస్తారు? మోకాలి ఎత్తున కోస్తే ఒక్కో మోడుకి నాలుగు కొమ్మలు లేస్తాయి. వంగక్కర్లేదు, నడుము నొప్పీ రాదు.

5. గుర్రపుడెక్కను గట్టుకి లాగి, అక్కడే కుప్ప పోయండి. బండి కిరాయి మిగులుతుంది. మురుగు నీళ్లలో అది రెండు వారాల్లో రెట్టింపవుతుందంటారు. మొదటి వానకి కుప్పలో సగం గెడ్డలోకి జారుతుంది, తర్వాతి పని అది చూసుకుంటుంది.

6. చెత్త ఏరే కార్యక్రమం వాన వెలిసిన మర్నాడే పెట్టండి. తడిసిన గోనెసంచి బరువు తూగుతుంది. సంచి అడుగున బురద, పైన నాలుగు ప్లాస్టిక్ సీసాలు కనిపించేలా సర్దండి. కాటా పక్కన నిలబడి ఫొటో దిగాక సంచుల్ని వంతెన కింద పెట్టించండి. అక్కడి నుంచి ఎవరు తీసుకెళ్లాలన్నది మన పరిధి కాదు. టిఫిన్ గురించి మాత్రం అశ్రద్ధ చేయకండి. ఇడ్లీ, ఉప్మా, రెండు రకాల చట్నీ లేకపోతే రెండోసారి ఎవరూ రారు. చట్నీ పొట్లాలు, కప్పులు ఎక్కడివక్కడ వదిలేయండి, వచ్చేసారి ఏరడానికి ఏదో ఒకటి ఉండాలి.

7. అన్నిటికంటే ముఖ్యమైన పని ఆకులు ఊడ్చడం. ఈ ఒక్కటి సరిగా చేస్తే తక్కినవి కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు.

చెట్ల కింద రాలిన ఆకు మాగి, జానెడు మందాన మెత్తగా పరుచుకుని ఉంటుంది. చూడటానికి పాడుపెట్టిన దొడ్డిలా ఉంటుంది. వచ్చిన అతిథి చెప్పులో పుల్ల గుచ్చుకుంటుంది. ఆ ఆకు వాననీటిని పట్టి, మెల్లగా గెడ్డలోకి వదులుతుందని, అందుకే వేసవి దాకా తడి ఉంటుందని మా కాలనీలో ఉండే రిటైర్డ్ బోటనీ మాస్టారు చెబుతారు. పురుగులు, జెర్రులు, నత్తలు, కప్పలు అందులోనే బతుకుతాయట. సరిగ్గా ఆయన చెప్పినవేవీ ఉండకూడదనే మనం ఊడ్పిస్తున్నాం.

ఈ ఆకుల్లోనే మాకు పొన్నంకి పిట్ట దొరికింది. ఆకుపచ్చ వీపు, గోధుమరంగు రొమ్ము, కంటి మీదుగా నల్లచార, తోక కింద ఎరుపు. నేల మీద గెంతుతూ, ఆకులు ముక్కుతో తిరగేసి పురుగుల్ని ఏరుకుంటుంది. తెల్లవారేటప్పుడు, పొద్దుగూకేటప్పుడు రెండు స్వరాల ఈల వేస్తుంది. 1816లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రవేత్త ఈ ప్రజాతికి పేరు పెట్టినప్పుడు మన తెలుగు మాటే తీసుకున్నాడు: పిట్ట. ప్రపంచంలో ఏ మూల పుస్తకంలో చూసినా ఆ పేరే. ఆ పిట్ట మన గెడ్డలో కనిపించిందంటే ఎంత గర్వం! నాకు ఆ రోజు అన్నం సయించలేదు.

కనుక దాన్ని చూడటానికి జనం రావాలి. జనం రావాలంటే దారి శుభ్రంగా ఉండాలి. నలుగురు మనుషుల్ని పెట్టి గట్టు పొడవునా ఆకు ఊడ్పించి, కుప్పలుగా పోసి తగలబెట్టించండి. సాయంత్రం వేళ కాలిస్తే పొగ ఎవరి ఇంట్లోకి పోయిందో తెలియదు. నేల గచ్చులా మెరుస్తుంది. చెట్ల మొదళ్లకి సున్నం, ఎర్రమట్టి చారలు వేయించండి. బెంచీలు వేయించండి. మొదటి వానకి ఆ నేల ఎర్రనీళ్లయి గెడ్డలోకి కొట్టుకుపోతుంది, గెడ్డ పూడుతుంది. అప్పుడు పూడికతీతకి జేసీబీ కావాలని అర్జీ పెట్టవచ్చు. ఒక్క చీపురుతో రెండేళ్ల పని!

8. పక్షుల లెక్కింపు టిఫిన్ బల్ల దగ్గరే కానివ్వండి. ఫిబ్రవరిలో నాలుగు రోజులు, కనీసం పదిహేను నిమిషాలు చూసి రాస్తే చాలని లెక్కింపు జరిపేవాళ్లే చెబుతారు. పదిహేను నిమిషాలు అక్కడే నిలబడటం కష్టం. పోయినేటి జాబితా తీసి తేదీ మార్చండి. కాకి, గోరింక, పావురం ఎలాగూ ఉంటాయి. లకుముకి, కంసాలి పిట్ట, వడ్రంగి పిట్ట కలపండి. సంఖ్యలు గుండ్రంగా రాయకండి, 20 అనేచోట 23 అని రాస్తే నమ్మకంగా ఉంటుంది. పరిశీలించేవాళ్లు ఎవరైనా ఫొటో అడిగితే, “ఎగిరిపోయిందండి” అనండి. పిట్టలు ఎగరడం ఎవరూ కాదనలేరు.

పిట్ట కనబడాల్సిందే అని అతిథి పట్టుబడితే ఫోనులో దాని కూత పెట్టండి. గూడు పెట్టే కాలంలో అయితే ఇంకా తొందరగా వస్తుంది. తన జాగాలోకి ఇంకోటి వచ్చిందనుకుని గుడ్లు వదిలేసి మరీ వస్తుంది. ఫొటో పడేదాకా ఆపకండి.

9. ఏ సంఘంలోనైనా నిజంగా తెలిసిన మనిషి ఒకరు ఉంటారు. మాకు ఆ బోటనీ మాస్టారు. రోజూ ఉదయం ఐదున్నరకి నోటుపుస్తకం పట్టుకుని గెడ్డ దిగుతారు. ఏ చెట్టు ఏ నెలలో పూసిందో, ఏ పిట్ట ఏ తేదీన వచ్చిందో అందులో రాసుకుంటారు. ఇలాంటివారితో తగాదా పడకూడదు. ‘గౌరవ సలహాదారు’ అని పేరు వేసి, శాలువా కప్పండి. వేదిక మీద చివరి కుర్చీ ఇవ్వండి. మైకు ఆయన దాకా వచ్చేసరికి వందన సమర్పణ మొదలవ్వాలి. ఆయన ఏదైనా రాసిస్తే “తప్పకుండా మాస్టారూ, వచ్చే మీటింగులో పెడదాం” అనండి. మీటింగు తేదీ ఆయనకి చెప్పకండి.

10. పిల్లల్ని గెడ్డలోకి దింపకండి. వాళ్లు ప్రశ్నలు వేస్తారు. ఫంక్షన్ హాల్లో కూర్చోబెట్టి పులి బొమ్మ గీయించండి.

11. ఇళ్లలో అక్వేరియం చేపలు పెరిగిపోతే గెడ్డలో వదిలే కార్యక్రమం పెట్టండి, ‘జలచరాలకు స్వేచ్ఛ’ అని పేరు పెట్టండి. గాజుపెట్టె గోడలు నాకే దెయ్యం చేప, ఎర్రచెవి తాబేలు, అన్నీ పనికొస్తాయి. ఎంత మురుగులోనైనా బతుకుతాయి. దోమల కోసం గంబూసియా చేపలు కూడా పోయండి. అమెరికా చేపైనా ఇక్కడ బాగానే ఉంటుంది. అది దోమపిల్లలతోపాటు కప్పగుడ్లు, తోకకప్పలు కూడా తింటుంది. వానాకాలం రాత్రిళ్లు ఆ బెకబెకలు తగ్గి మీకు నిద్ర పడుతుంది. కప్పలకోసం వచ్చే పాములూ తగ్గుతాయి. దోమలు తగ్గకపోతే పొగమిషన్ ఉండనే ఉంది.

12. సాకులు ముందే రాసి పెట్టుకోండి. అప్పటికప్పుడు తోచవు. మొక్క ఎండితే “వర్షాభావం”. మొక్క కుళ్లితే “అధిక వర్షాలు”. లెక్కలు అడిగితే “కోశాధికారి ఊళ్లో లేరు”. చెట్టు కొట్టేస్తే “హుద్‌హుద్‌లోనే బీటవారింది, ప్రమాదం” అనండి. ఈ చివరిది మా దగ్గర ఇప్పటికీ పనిచేస్తోంది.

13. ఎండిన చెట్లు ఉంచకండి. వడ్రంగి పిట్ట, కంసాలి పిట్ట తొర్ర చేసుకునేది పుచ్చిన కొమ్మలోనే. అయినా ఎండుచెట్టు ఫొటోలో బాగుండదు.

14. చివరికి గెడ్డకి రెండు వైపులా కాంక్రీటు గోడ కట్టించండి. పూడిక తీయించినప్పుడే గట్టు కోసుకుపోతుంది గనక గోడ అడగడం తేలిక. గట్టు మట్టిలో లకుముకి పిట్ట మూరెడు బొరియ తవ్వి గుడ్లు పెడుతుంది. అది వేరే గట్టు చూసుకుంటుంది. గోడలు నిలిచాక నీరు ఒడ్డున ఇంకదు, చెట్లు ఒక్కొక్కటే ఎండుతాయి (13వ చిట్కా చూడండి). నీడ పోయాక కింద మురుగు కంపు కొడుతుంది. కంపు కొడుతోందని కాలనీవాళ్లే సంతకాలు పెట్టి స్లాబు వేయమంటారు. మీరు అడగక్కర్లేదు. మా స్లాబు మీద ఇప్పుడు పద్దెనిమిది కార్లు పడుతున్నాయి, వనమహోత్సవం షామియానా కూడా అక్కడే.

స్లాబు పక్క గోడ మీద పొన్నంకి పిట్టని నిలువెత్తున వేయించండి. హిందీలో దాన్ని నవరంగ్ అంటారు, పెయింటరు తొమ్మిది రంగులకీ డబ్బడుగుతాడు. ఆరింటికి బేరమాడండి. దాని కూత పాతది ఒకటి మా మాస్టారి ఫోనులో ఉంది, అడిగితే పంపించారు. చిన్న స్పీకరు ఒకటి గోడకి బిగించి ఉదయం ఆరింటికీ సాయంత్రం ఆరింటికీ టైమరు పెట్టండి. రికార్డులో వెనక నీళ్ల చప్పుడు కూడా వినిపిస్తుంది, దాన్ని తీసేయించకండి.