నీళ్ళను బయటే ఆపేదాన్ని

నన్ను ఒక అల్యూమినియం దిమ్మలోంచి తొలిచారు. కేమెరా నా కడుపులో కూర్చుంటుంది. దాని ప్రతి మీటకీ నా ఒంటి మీద ఒక మీట ఉంటుంది. డైవర్లు నన్ను హౌసింగ్ అంటారు. సముద్రంలో పది మీటర్లు దిగితే ఒక వాతావరణమంత ఒత్తిడి పెరుగుతుంది, ముప్పై మీటర్ల దగ్గర ఒడ్డు మీదకంటే నాలుగింతలు. ఆ బరువు మోసేది నా లోహమే అయినా, నీళ్ళను ఆపేది మాత్రం ఓ-రింగ్ అనే సన్నటి రబ్బరు చుట్టు.

నా యజమానురాలిది విశాఖపట్నం. పెళ్ళిళ్ళకు ఫొటోలు తీసి బతుకుతుంది, సముద్రం కోసం దాచుకుంటుంది. ముహూర్తాలు లేని నెలలే ఆమెకు సెలవులు కాబట్టి మా మాల్దీవుల ప్రయాణం పంచాంగంతో మొదలైంది. వారం రోజులు తిండీ నిద్రా డైవింగూ అన్నీ పడవ మీదే. అలాంటి పడవను లివబోర్డ్ అంటారు.

"ఆషాఢంలో పోదాం అక్కా, హనిఫారులో మాంటాలు గుంపులు గుంపులుగా వస్తాయట" అన్నాడు తమ్ముడు.

"అక్కడ సిలిండర్‌తో దిగనివ్వర్రా, స్నార్కెల్ ఒక్కటే. పైగా అప్పుడు నీళ్ళు మసక."

ఆమె మాట నిజం. మాంటా అంటే రెక్కల్లాంటి వాజాలున్న పెద్ద టేకు చేప. అది ప్లవకాల వెంటే తిరుగుతుంది. నైరుతి రుతుపవనాల్లో ఆ మేత అటాల్‌ల, అంటే పగడపు దీవుల వలయాల, తూర్పు వైపు చేరుతుంది, ఈశాన్య రుతుపవనాల్లో పడమటి వైపు. ప్లవకాలు దట్టంగా ఉన్నచోట చేపకు పండగే. కానీ ఫొటోలో ప్రతి రేణువూ స్ట్రోబ్ ఫ్లాష్ వెలుగుకు మంచుపొడిలా మెరుస్తుంది. ఆ ఏడు మూఢం జనవరిలో పడింది. నీళ్ళు తేటగా ఉండే కాలం అది. ఆరి అటాల్ పడమటి అంచున మాంటాలు, దక్షిణాన ఏడాది పొడవునా తిమింగల సొరలు. జనవరే ఖాయమైంది.

పడవను ఎంచడానికి నెల పట్టింది. ధర కంటే ముందు ఆమె అడిగిన ప్రశ్నలు మూడు. రాత్రంతా మేలుకొని తిరిగే కాపలా ఉందా? బ్యాటరీలు ఎక్కడ, ఎవరి కళ్ళెదుట ఛార్జి చేస్తారు? కింది గదుల్లోంచి బయటికి రెండో దారి ఉందా? 2019 సెప్టెంబరు 2 తెల్లవారుజామున కాలిఫోర్నియాలో, శాంటా క్రూజ్ దీవి దగ్గర లంగరు వేసిన ఒక డైవింగ్ పడవ తగలబడి, కింద నిద్రపోతున్న 34 మంది చనిపోయారు. ఆ రాత్రి కాపలా లేదని దర్యాప్తులో తేలింది. మా బ్యాటరీలూ నిప్పంటుకునే ప్రమాదం ఉన్న లిథియంవే. ఒక పడవవాళ్ళు ఈ ప్రశ్నలు వదిలేసి భోజనాల పట్టిక పంపారు. ఆమె ఆ పడవను వదిలేసింది. మంచి పని చేసింది.

ఇక లెన్సు. తమ్ముడు చిన్న పీతల కోసం మాక్రో లెన్సు కూడా తెమ్మన్నాడు. ఆమె నా వైపు చూసింది. ఎందుకు చూసిందో నాకు తెలుసు.

మూడేళ్ళ కిందట, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీప్‌లో, రెండు డైవుల మధ్య హడావిడిగా లెన్సు మార్చింది. ఓ-రింగ్ మీద ఒక్క తలవెంట్రుక అడ్డం పడింది. పద్దెనిమిది మీటర్ల దగ్గర నా లోపలి ఎర్రదీపం వెలిగింది. ఆమె నన్ను రొమ్ముకు అదుముకుంది, కానీ పైకి దూసుకుపోలేదు. అలా పోతే రక్తంలో నత్రజని బుడగలు కడుతుంది. అయిదు మీటర్ల దగ్గర ఆగి, మూడు నిమిషాలూ లెక్కపెట్టుకుంది. ఆ మూడు నిమిషాలూ నా కడుపులో కేమెరా ఉప్పునీళ్ళలో మునిగిపోతూనే ఉంది. నేను చేయగలిగింది ఏమీ లేదు. ఆమె కూడా ఏమీ చేయలేదు, ఊపిరి తీసుకుంటూ నన్ను పట్టుకుని ఉండటం తప్ప.

అందుకే మాక్రో అలమరలోనే ఉండిపోయింది. ఒకటే వైడ్ లెన్సు, దాని ముందు బిగించే గుండ్రటి డోమ్ ఒకటే. నన్ను ఎంత తక్కువసార్లు తెరిస్తే వెంట్రుకకు అంత తక్కువ అవకాశం.

బయల్దేరే ముందు ఓ-రింగ్‌ను మెత్తని గుడ్డతో తుడిచి, వేలికి జారేంత గ్రీజు మాత్రం రాసింది. ఎక్కువైతే దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది. విమానంలో గాలి ఒత్తిడి మారి నా తలుపు బిగుసుకుపోకుండా ఆ చుట్టును తీసి విడిగా పెట్టింది. బ్యాటరీలు చేతి సంచిలోకి వెళ్ళాయి. తిరుగు విమానానికి ముందు రోజున్నర ఖాళీ ఉంచింది, చివరి డైవ్ తర్వాత ఒంట్లోని నత్రజని దిగిపోవడానికి.

మాలేలో పెద్ద పడవ ఎక్కాం. డైవులకు మాత్రం పక్కనే నడిచే దోనీ. మన దోనెను గుర్తుచేసే మాటని తమ్ముడు మురిసిపోయాడు. రాత్రి ఆమె నన్ను ఏసీ గదిలోకి తీసుకుపోలేదు. చల్లబడి పొద్దున్నే ఉక్కలోకి వస్తే డోమ్ మీద ఆవిరి పడుతుంది. డెక్ మీద కేమెరా బల్ల దగ్గరే, తువ్వాలు కప్పి ఉంచింది.

మొదటి డైవ్‌కు నా కడుపులో కేమెరా పెట్టలేదు. ఒక టిష్యూ కాగితం మడిచి పెట్టి, పంపుతో లోపలి గాలి లాగింది. దీపం పచ్చగా నిలిచింది. ఖాళీగా ఉంటే తేలిపోతానని నా అడుగున సీసం బిళ్ళ కట్టింది. ఇరవై అయిదు మీటర్లు దిగాం. తోటివాళ్ళంతా ఫొటోలు తీస్తుంటే ఆమె నా దీపాన్నే చూస్తూ ఈదింది.

పైకొచ్చాక నన్ను మంచినీళ్ళతో కడిగి, తన జుట్టు ముడేసుకుని, చేతులు తుడుచుకుని తలుపు తీసింది. కాగితాన్ని విప్పి, చెంపకు ఆనించుకుంది.

"పొడిగా ఉందిరా తమ్ముడూ. కేమెరా తే."