నలభై కిలోల ఆటవిడుపు

తడిసిన కాన్వాసు ఎండదు, ఎండినట్టు నటిస్తుంది. పైన చెయ్యి వేస్తే పెళపెళలాడుతుంది. అడుగున కుట్టు మడత విప్పి చూస్తే నిన్నటి నీళ్ళు అక్కడే తీరిగ్గా కూర్చుని ఉంటాయి. కూకట్‌పల్లిలో ఓ అపార్టుమెంటు డాబా మీద ఒక గృహస్థు, పోయిపోయి ఆగస్టు నెలలో, ఈ నటన చూస్తున్నాడు. బట్టలు ఆరేసుకునే చోటు పోయిన మిగతా అంతస్తులవాళ్ళు ఆయన్ని చూస్తున్నారు.

వాన వచ్చి తడిసిందంటే అదొక తీరు. తడిపింది ఆయనే, రబ్బరు గొట్టం పట్టుకుని. కొత్త కాన్వాసు గుడారాన్ని వాడకముందే ఒకటికి రెండుసార్లు నిండా తడిపి ఆరబెట్టాలి. తడికి నూలు దారం ఉబ్బి, మిషను సూది చేసిన చిల్లులు పూడుకుంటాయి. ఆ పని ఎగ్గొడితే మొదటి వానకే కుట్ల వెంబడి కారుతుంది. వేలకు వేలు పోసి కొన్నవాడే నీళ్ళు కూడా పొయ్యాలన్నమాట. పోనీ తడిగానే మడిచి అటక మీద పడేద్దామంటే, బూజు పట్టి నల్లమచ్చలు తేలతాయి. అవి ఇక చచ్చినా పోవు.

“ఏమండీ, ఎలాగూ తడిపారు కదా, కాస్త సబ్బుపొడి వేసి ఉతికేస్తే పోయేది కదా?” అంది ఇల్లాలు. సబ్బు తగిలితే నీళ్ళు పట్టకుండా గుడ్డకు వేసిన పూత కాస్తా కొట్టుకుపోతుందని ఆయన వివరించాడు. ఉతక్కూడని గుడ్డని ఇంట్లోకి ఎందుకు తెచ్చారని ఆవిడ అడిగింది. దానికి జవాబు ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు.

నిజానికి ఆయన తెలివితక్కువగా ఏమీ కొనలేదు. మూడు కిలోల నైలాను గుడారంలో పడుకుంటే, మనం రాత్రంతా వదిలిన ఊపిరే గోడలకు చెమ్మై పట్టి తెల్లారగట్ట మొహం మీద చుక్కచుక్కగా పడుతుంది. పొద్దెక్కితే లోపల ఉడుకే ఉడుకు. నూలు కాన్వాసు గాలి ఆడనిస్తుంది. అందుకే ఆయన దానికి ఓటేశాడు. ఆ తర్వాత జీఎస్ఎం అనే మూడక్షరాలు ఆయన్ని పట్టుకున్నాయి: చదరపు మీటరు గుడ్డ ఎన్ని గ్రాములు తూగుతుందన్న లెక్క. జిరాక్సు కాగితం 75. మంచి గుడారం గుడ్డ 285. అంతకన్నా మంచిది, పది ఔన్సుల రకం, దాదాపు 340. అంకె పెరిగితే మన్నిక పెరుగుతుందని అమ్మేవాడు చెప్పాడు. బరువు కూడా పెరుగుతుందని నడుము చెప్పింది.

తెచ్చింది బెల్ టెంటు. అయిదు మీటర్ల వెడల్పు గుండ్రటి నేల, మధ్యలో మూడు మీటర్ల ఎత్తు నిట్రాట, సంచీతో కలిపి నలభై కిలోలు. ఎనిమిదిమంది పడుకోవచ్చని చెప్పి అమ్మారు. ఇలాంటి గుండ్రటి గుడారానికి 1856లో పేటెంటు తీసుకున్న అమెరికా సైనికాధికారి హెన్రీ సిబ్లీ, నిట్రాట వైపు కాళ్ళు పెట్టించి ఒక్కో దాంట్లో డజనుమంది సిపాయిలను పడుకోబెట్టాడు. ఆ సిపాయిల వెంట అత్తగారు లేరు.

డాబా మీద గుడారం వెయ్యడంలో ఉన్న చిక్కు ఏమిటంటే, శ్లాబులోకి మేకు దిగదు. కాబట్టి ఒక తాడు నీళ్ళట్యాంకు కాలికి, ఒకటి డిష్ యాంటెనాకి, ఇంకొకటి పైపుకి, మిగిలినవి ఇటుకలకి కట్టాడు. అంతా అయ్యాక చివర్న నిట్రాట నిలబెట్టాలి. అంటే గృహస్థు ఆ గొట్టం చేతపట్టుకుని, చతికిలబడి ఉన్న గుడ్డ కిందికి పాకుతూ పోవాలి. చాలాసేపు బయటికి ఏమీ కనిపించలేదు. గుడ్డ ఒకచోట లేచింది, పడింది, ఇంకోచోట లేచింది. నీళ్ళ మోటారు వెయ్యడానికి పైకొచ్చిన వాచ్‌మన్ కాసేపు చూసి, “ఏం ఫంక్షన్ సార్? పెండ్లా?” అని అడిగాడు.

ఈ పని అక్బరు ఎలా చేసేవాడో అబుల్ ఫజల్ ఐనీ అక్బరీలో లెక్కరాసి పెట్టాడు. చక్రవర్తి విడిది కదలాలంటే 100 ఏనుగులు, 500 ఒంటెలు, 400 బండ్లు, 100 మంది కూలీలు. మన గృహస్థుకు ఉన్నది ఆరుగురు పట్టే, 408 కిలోలు మోసే లిఫ్టు. డేరాలు వెయ్యడానికి ఇరాను, తురాను, హిందుస్థానాల నుంచి తెచ్చిన వెయ్యిమంది ఫరాషులు. ఇక్కడ వాచ్‌మన్, అదీ మోటారు వెయ్యాల్సిన పని లేనప్పుడు. నేల చదును చెయ్యడానికి 500 మంది. నీళ్ళు మొయ్యడానికి 100 మంది. ఇక్కడ రబ్బరు గొట్టం, పదింటికి నీళ్ళు ఆగిపోతాయి. వడ్రంగులు, డేరా కుట్టేవాళ్ళు, దివిటీలవాళ్ళు యాభైమంది. తోలుపనివాళ్ళు 30 మంది. ఊడ్చేవాళ్ళు 150 మంది. ఊడ్చేవాళ్ళ సంగతి వినగానే ఇల్లాలు అక్బరు మీద మొదటిసారి ఆసక్తి చూపింది. ఇంతా చేసి మొగలులు ఒక్క జత డేరాలతో సరిపెట్టుకోలేదు. ఇక్కడ పాదుషా పడుకుని ఉండగానే రెండో జత ముందు మజిలీకి వెళ్ళిపోయేది. దాని పేరు పేష్‌ఖానా. అంటే తడిసిన డేరా ఎండే దాకా నిలబడి చూడాల్సిన అవసరం ఆ వంశంలో ఎవరికీ రాలేదు. వాళ్ళు తాజ్‌మహలు కట్టారని అందరూ చెప్పుకుంటారు. ఈ ఏర్పాటు గురించి ఎవరూ చెప్పుకోరు.

ఇంగ్లీషు దొరలు ఈ పద్ధతినే పట్టుకున్నారు. మద్రాసు రాజధానిలో జమాబందీకి బయల్దేరిన కలెక్టరు మామిడితోపులో నిద్రపోతుంటే, రెండో జత డేరాలు బండ్లెక్కి రాత్రికి రాత్రే పోయేవి. పొద్దున దొర గుర్రం దిగేసరికి డేరా నిలబడి ఉండేది, లోపల ఉపాహారం సిద్ధంగా ఉండేది.

ఆ బండ్ల వెనక రాత్రంతా నడిచి, తెల్లారగానే మేకులు దిగ్గొట్టిన కలాసీలు ఎప్పుడు నిద్రపోయేవాళ్ళో మరి. ఐనీ అక్బరీ జాబితాలో వెయ్యి అన్న అంకె ఉంది, ఒక్క పేరు లేదు. ఇప్పటికీ అంతే. వీధిలో పెళ్ళి అయినా చావు అయినా టెంట్‌హౌస్ కుర్రాళ్ళు నలుగురు ఆటోలో వచ్చి, తారురోడ్డులోకి గునపాలు దించి, మనం కాఫీ తాగేలోపు షామియానా లేపేసి వెళ్ళిపోతారు. మనం వాళ్ళతో మాట్లాడే మాట ఒక్కటే: “ఇంకెంతసేపు?” కాన్వాసు నీడ చల్లగా ఉంటుందని వందల ఏళ్ళుగా చెప్పుకుంటున్నది దాన్ని మొయ్యనివాళ్ళే. గృహస్థు అరచేతుల్లో రెండు బొబ్బలు లేచాయి. ఆయన వాటిని చాలాసేపు చూసుకున్నాడు, ఎవరికీ చూపించలేదు.

ఆదివారం మధ్యాహ్నానికి కుట్లు కూడా ఎండాయి. మడత పెట్టడం మొదలైంది. ఫ్యాక్టరీలో ఏ మంత్రం వేస్తారో గానీ, సంచీలోంచి ఒకసారి బయటికొచ్చిన గుడారం మళ్ళీ అందులో పట్టదు. పరుపుచుట్టలా చుట్టి, మోకుతో బిగించి, వాచ్‌మన్, ఆయనా కలిసి కిందికి దించారు.

అనంతగిరి ప్రయాణం శనివారానికి ఖాయమైంది. అక్కడి మొరం నేలకు పనికొచ్చే ఇనుప మేకులు, సుత్తి, నేలకు పరిచే పట్టా, నిట్రాట ముక్కలు, గుడారం చుట్ట అన్నీ కారులో సర్దితే డిక్కీ నిండిపోయి, వెనక సీటు మడవాల్సి వచ్చింది. మిగిలింది ముందు సీట్లు రెండు. ఎనిమిదిమంది పడుకునే గుడారానికి ఇద్దరు మాత్రమే వెళ్ళగలరు. ఇల్లాలు, కూతురు ఇద్దరూ వికారాబాదు బస్సెక్కి రావాలని గృహస్థు ప్రతిపాదించాడు. కారులో తామిద్దరూ వస్తామని, బస్సెక్కాల్సింది గుడారమని, తోడుగా ఆయన వెళ్ళవచ్చని ఆవిడ సవరణ ప్రవేశపెట్టింది. కూతురు సవరణను బలపరిచింది.