మోసే చెట్టు

నేను ఎడమవాణ్ని. నా జతవాడు నాలుగడుగుల దూరంలో కుడివైపు నిలబడి ఉంటాడు. మా నెత్తిన చెరో స్పీకరు ఉంటుంది, ఒక్కొక్కటి అయిదు కిలోల పైమాటే. వాటిని మానిటర్లంటారు. ఎదురుగా కుర్చీ వేసుకుని మా బుల్లోడు పాటలు మిక్సింగ్ చేస్తాడు. మమ్మల్ని స్టాండ్లంటారు. ఆ పేరు ఈమధ్యే వచ్చింది. అంతకుముందు నేను చెట్టును.

గాలికొండ వాలులో కాఫీతోటకు నీడకోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్టును. మా జాతి పుట్టిల్లు ఆస్ట్రేలియా తూర్పు తీరం. త్వరగా, నిటారుగా ఎదుగుతామనీ, ఎండను జల్లెడ పట్టి కిందికి వదులుతామనీ తోటలవాళ్లు మమ్మల్ని ఇక్కడికి తెచ్చుకున్నారు. అరకు, పాడేరు, చింతపల్లి కొండల్లో కాఫీ పచ్చగా ఉందంటే దాని తలమీద మేమున్నట్టే. మా ఆకు పైన పచ్చన, అడుగున వెండి. గాలి తిరిగితే కొండంతా తెల్లబడుతుంది. నా మొదలు దగ్గర మిరియాల తీగ నాటితే, అది నన్ను పట్టుకుని పైదాకా పాకింది. కాళ్ల దగ్గర అరబికా మొక్కలు, ఒంటినిండా మిరియాలు. మోయడం నాకు అప్పుడే అలవాటైంది.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటి కొండలెక్కింది. గాలికొండలో గాలి నాకు కొత్త కాదు. కానీ ఆ రోజు గాలి వేళ్లదాకా చెయ్యి పెట్టింది. నాతోపాటు ఎన్నో చెట్లు కూలాయి. మేం కూలితే కాఫీకి రెండు దెబ్బలు. మా కొమ్మల కింద నలిగినవి అప్పుడే పోయాయి, నలగనివి మర్నాటినుంచి నీడలేక మాడాయి. తోట యజమాని, మా బుల్లోడి తాత, నా మొద్దుమీద చెయ్యి వేసి చాలాసేపు మాట్లాడకుండా కూర్చున్నాడు.

తరవాత నన్ను పలకలుగా కోశారు. మధ్యమధ్య పుల్లలు పెట్టి పేర్చి, పశువుల సాల అటకమీద ఉంచారు. పచ్చిచెక్కతో ఏది చేసినా వంగుతుంది, పగులుతుంది. నేను ఏళ్ల తరబడి ఆరాను. చూరు కింద పడుకుని, కిరండూల్ నుంచి విశాఖకు ఇనుప ఖనిజం మోసుకెళ్లే గూడ్సుబళ్ల అదురు రాత్రుళ్లు వింటూ ఆరాను.

ఈలోగా బుల్లోడు విశాఖలో సౌండు పని నేర్చుకుని ఇంటికొచ్చాడు. పది అడుగుల గదిలో ఒక కంప్యూటరు, రెండు స్పీకర్లు, ఒక బల్ల. అతని కోరిక ఒక్కటే. తాతల వాయిద్యం పోకముందే పట్టి దాచాలి. చైత్రంలో ఇటుకల పండగకు ఊరి ఆడవాళ్లు వెనకనుంచి చేతులు పెనవేసుకుని థింసా ఆడుతుంటే, మోరి, కిరిడి, తుడుం, డప్పు, జోడుకొమ్ములు అన్నీ రికార్డు చేశాడు. బల్లమీద, గోడకు ఆనించిన స్పీకర్లలో విన్నాడు. డప్పు మరీ బొంయ్‌మంటోందని అడుగు స్వరం తగ్గించాడు. తగ్గించాక ఆ గదిలో బాగుంది.

ఊళ్లో పెద్ద సౌండు బాక్సుల్లో వేశాక తాత విని అన్నాడు: "ఇది మన డప్పు కాదురా బుల్లోడా. తిండి లేని డప్పులాగున్నాది."

బుల్లోడు ఆ రాత్రి పడుకోలేదు. 40 హెర్ట్జ్ దగ్గర మొదలుపెట్టి ఒకే స్వరాన్ని మెల్లమెల్లగా పైకి జరిపాడు. ఒకచోటికి రాగానే బల్లమీది స్టీలుగ్లాసు గజగజలాడింది. అరచెయ్యి ఆనిస్తే బల్ల చర్మంలా వణుకుతోంది. అప్పుడర్థమైంది. స్పీకరు అదురు బల్లలోకి దిగితే బల్ల కూడా వాయిస్తుంది. పైగా స్పీకరు గొంతు సూటిగా ఒకసారి, బల్లమీద పడి లేచి మరోసారి చెవికి చేరుతుంది. రెండో దారి 17 సెంటీమీటర్లు ఎక్కువైతే చాలు, వెయ్యి హెర్ట్జ్ దగ్గర రెండూ ఒకదాన్నొకటి చెరిపేస్తాయి. బల్ల గొంతు కోయబోయి అతను డప్పు గొంతు కోశాడు.

మర్నాడు స్పీకర్లకు స్టాండ్లు చేయించాలని అటకెక్కి నన్ను దించాడు.

వడ్రంగి చిత్రిక పడుతుంటే నా లోపలి వెండి మచ్చలు బయటపడ్డాయి. నా పొట్టు తగిలితే కొందరికి చేతులు దురద పెడతాయి, ఆయనకూ పెట్టాయి. కొబ్బరినూనె రాసుకుని పని సాగించాడు. "ఒక్క కర్ర నిలబెడితే సరిపోదేటి? నాలుగు పలకల గూడెందుకు?" అని అడిగాడు. సన్నకర్ర ఊగుతుందనీ, గూడులో ఇసుక పోస్తే కదలదనీ బుల్లోడు చెప్పాడు. ఎత్తు ఎంతన్నది కొలిచిచూశారు. కుర్చీలో కూర్చుంటే బుల్లోడి చెవి నేలకు 112 సెంటీమీటర్లు. స్పీకరులో సన్నటి స్వరాలు పలికే చిన్న గుండ్రం దాని అడుగునుంచి 20. ఆ గుండ్రం చెవికి సూటిగా ఉండాలి, కాబట్టి నా ఎత్తు 92. నాలుగు పలకలు అంటించి స్క్రూలు బిగించి, లోపల పది సెంటీమీటర్ల చదరపు బోలు ఉంచారు. పాదం కింద కడప రాయి పలక.

ఇసుక గెడ్డలోంచి తెచ్చారు. కడిగి, ఎండబెట్టి, ఆపైన మూకుట్లో వేయించారు. తడి ఉంటే నన్ను లోపలినుంచి తినేస్తుంది, అరకు మంచులో ఆ భయం మరీ ఎక్కువ. నాలో పట్టింది ఎనిమిది లీటర్లు, దాదాపు పదమూడు కిలోలు. పోయకముందు బుల్లోడు కణుపులతో కొడితే నేను కుండలా మోగాను. పోశాక కొడితే దబ్బుమని ఊరుకున్నాను. చెక్కలో పుట్టే అదురును ఇసుకరేణువులు ఒకదానితో ఒకటి రాసుకుని వేడిగా మార్చి చంపేస్తాయి. హవాయి చెప్పుల రబ్బరు ముక్కలు కోసి స్పీకరు కింద నాలుగు, నా రాతిపాదం కింద నాలుగు పెట్టారు. పై అదురు నాలోకి రాకూడదు, గూడ్సుబండి అదురు పైకి ఎక్కకూడదు.

నిలబెట్టే చోటు కుదరడానికి మూడురోజులు పట్టింది. మా ఇద్దరి మధ్య ఎంతో, చెవికీ మాకూ మధ్య అంతే ఉండాలి. మూడువైపులా 120 సెంటీమీటర్లు. వెనకగోడతో ఇంకో పేచీ. లోతైన స్వరం స్పీకరు వెనక్కీ పోతుంది, గోడకు తగిలి తిరిగొస్తుంది. స్పీకరు ముఖం గోడకు 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, సెకనుకు 343 మీటర్లు నడిచే ధ్వని తిరిగొచ్చేసరికి 143 హెర్ట్జ్ దగ్గర ఎదురుతిరిగి ముందుకెళ్లే స్వరాన్ని మింగేస్తుంది. డప్పు కండ ఉండేది దాదాపు అక్కడే. బుల్లోడు మమ్మల్ని జానెడు జరిపి వినడం, మళ్లీ జరిపి వినడం. కుదిరినచోట నేలమీద సుద్దతో గీతలు గీశాడు. తరవాత చెల్లెలు పక్కగోడ వెంట అద్దం జరుపుతుంటే, కుర్చీలోంచి స్పీకరు కనబడినచోటల్లా గురుతు పెట్టి, బూరుగుదూది కుక్కిన కాఫీ గోనెలు వేలాడదీశాడు. గోడ తిప్పికొట్టే గొంతు అక్కడే ఆగిపోయింది.

అప్పుడు తాతను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టాడు. పాత రికార్డునే, అడుగు తగ్గించకుండా, మళ్లీ మిక్సింగ్ చేసి పెట్టాడు.

చెట్టుగా ఉన్నప్పుడు గాలి వస్తే నేనూ పలికేవాణ్ని. ఇప్పుడు నా నెత్తిన డప్పు మోగుతుంటే ఒక్క నారయినా కదలకుండా నిలబడ్డాను. నేను కదిలితే తాత వినేది నన్నవుతుంది. మిరియాల తీగను మోసినప్పుడు కాసినవి మిరియాలే కాని నా కాయలు కావు. ఇదీ అంతే.

తాత కళ్లు మూసుకున్నాడు. మోరి దాటింది, తుడుం దాటింది. డప్పు వచ్చాక భృకుటి ముడిచి చెయ్యెత్తి ఆపమన్నాడు. బుల్లోడి ముఖం వాడిపోయింది.

"డప్పు మనదే," అన్నాడు తాత. "కానీ ఆవేళ మంచు పడతన్నాది. సరిగ్గా కాగలేదురా. రెండో దరువుకే తోలు జారిపోనాది, ఇనబడతన్నాది సూడు."

బుల్లోడు మళ్లీ పెట్టి విన్నాడు. నిజమే. రెండో దరువుకు తోలు నెమ్మెక్కి మెత్తబడిన చప్పుడు స్పష్టంగా ఉంది. బల్లమీద విన్నన్నాళ్లూ అది అతని చెవికి చిక్కలేదు.

"అయితే మళ్లీ వాయిస్తావా తాతా?"

"ఈసారి మంట పెద్దది ఎయ్యి."

ఆ సాయంత్రం వాకిట్లో మంట వేశారు. స్టాండ్లు చేయగా మిగిలిన నా ముక్కలు అందులో ఉన్నాయి. తాత డప్పును వాటి సెగకు తిప్పుతూ కాచి, వేలితో ఒకసారి మీటి చూసి, తలాడించాడు.